అరవై దాటాక చిన్ననాటి ఇంటి బరువు దించుకోవడం ఎలా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మనసుకు తీరిక ఉండదు. విశాఖ షిప్‌యార్డులోనో పోర్టులోనో షిఫ్టులు, పిల్లల ఫీజులు, ఇంటి లోను, పెళ్లిళ్లు. రిటైరై, పిల్లలు హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయి, ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఇద్దరే మిగిలాక చాలామందికి పాత సంగతులు తెల్లవారుజామున నిద్ర లేపుతాయి. నాన్న తాగొచ్చి అమ్మను కొట్టిన రాత్రులు. చుట్టాలింట్లో పెరుగుతూ రెండోసారి అన్నం అడగలేకపోయిన రోజులు. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి బడి మానేసిన ఏడాది. "వయసు మీద పడింది, అంతే" అని ఇంట్లోవాళ్లు తోసేస్తారు. అలా తోసేయడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ వయసులో కూడా చేయగలిగింది చాలా ఉంది.

చిన్నప్పటి ఇంటికీ పెద్దయ్యాక మనసుకీ ఉన్న సంబంధాన్ని గట్టిగా చూపించిన అధ్యయనం ఒకటి 1998లో అమెరికాలో వచ్చింది. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు, వారి సహచరులు కలిసి చేశారు. దెబ్బలు, తిట్లు, ఇంట్లో తాగుడు, తల్లి హింసకు గురికావడం లాంటి కష్టాలను రకాలుగా విడదీసి లెక్కపెట్టారు. నాలుగు రకాలు, అంతకు మించి చూసినవారికి డిప్రెషన్, తాగుడు, ఆత్మహత్యాయత్నం లాంటి ప్రమాదాలు అసలేమీ చూడనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. మన దేశంలో 45 ఏళ్లు దాటిన 72 వేలమందికి పైగా జనంతో 2017-18లో వృద్ధాప్యం మీద చేసిన లాసీ (LASI) అనే జాతీయ సర్వేలోనూ చిన్నప్పటి ఆరోగ్యం, ఇంటి ఆర్థిక స్థితి గురించి అడిగారు.

ఈ సంబంధం ఏర్పడేది ఒంట్లోనే. భయం రోజూ ఉండే ఇంట్లో పెరిగే పిల్ల ఒళ్లు కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లతో ఎప్పుడూ అప్రమత్తంగా ఉండడం నేర్చుకుంటుంది. తుపాను తీరం దాటి వెళ్లిపోయినా పోర్టులో ప్రమాద హెచ్చరిక దించకపోతే ఎలా ఉంటుందో, కొందరి ఒళ్లు యాభై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ఆ నాలుగు రకాల లెక్కను మీమీద వేసుకుని భయపడకండి. అది జనాన్ని మొత్తంగా చూసే కొలత. ఒక మనిషికి ఏమవుతుందో తేల్చడానికి ఆ స్కోరు వాడకూడదని ఆండాయే 2020లో రాశారు.

మొదట ఒళ్లు చూపించుకోండి

దిగులుకి కారణం థైరాయిడ్ కావచ్చు, బి12 లోపం కావచ్చు, వాడుతున్న ఏదైనా మందు కావచ్చు. ఆ పరీక్షలు చేయించుకోండి, రోజూ వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. చెవులు కూడా చూపించుకోండి. వినపడక నలుగురిలో కూర్చోవడం మానేసి, ఆ ఒంటరితనంతోనే కుంగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు.

రెండో పని: ఇంటి చిట్టా రాయండి

ఒక నోట్‌బుక్‌లో పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఏడాదికో వరుస వదలండి. బాధ గురించి అప్పుడే రాయొద్దు, సంగతులు మాత్రం రాయండి. ఏ ఊళ్లో ఉన్నారు, ఇంట్లో ఎవరెవరు, సంపాదన ఎవరిది, ఆఖరున తినేది ఎవరు, ఎవరి అడుగుల చప్పుడుకి అందరూ సర్దుకునేవారు, ఎవరు పోయారు, ఎవరు వదిలి వెళ్లారు, మిమ్మల్ని ఎప్పుడు హాస్టల్లోనో అమ్మమ్మగారింట్లోనో ఉంచారు. గుర్తులేని ఏడాదిని ఖాళీగా వదిలేయండి. అప్పతోనో చిన్నాన్నతోనో మాట్లాడితే కొన్ని నిండుతాయి.

ఆ వరుసల పక్కన, అప్పుడు ఇంటి బయట ఏం జరుగుతోందో రాయండి. అన్నిటికంటే ఇది ముఖ్యమని నా నమ్మకం. విశాఖలో ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ల వాళ్లలో చాలామంది ఇళ్లు పెద్ద కుదుపుల మధ్య నడిచాయి. 1962లో బర్మాలో సైన్యం అధికారం తీసుకున్నాక ఉన్నవన్నీ వదిలి తిరిగొచ్చిన తెలుగు కుటుంబాలు కంచరపాలెం వైపు బర్మా క్యాంపులో బతుకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాయి. స్టీల్ ప్లాంటుకి 1971లో శంకుస్థాపన జరిగింది. దాని కోసం ఊళ్లు, పొలాలు ఇచ్చేసి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లతరబడి తిరిగిన ఇళ్లు గాజువాక చుట్టుపక్కల ఎన్నో. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికోసం ఇక్కడికొచ్చిన తండ్రులు పండక్కి మాత్రమే ఇంటికి వెళ్లేవారు.

ఇదంతా ఎందుకంటే, పిల్లలు ఇంట్లో జరిగే చెడునంతా తమమీద వేసుకుంటారు. నేను మంచిదాన్నైతే నాన్న కొట్టేవాడు కాదు, నేను బరువు కాబట్టే అమ్మ నన్ను పంపించేసింది అనుకుంటారు. ఏడేళ్లప్పుడు వచ్చిన ఆ తీర్పు అరవై ఏడేళ్లకీ చెల్లుబాటవుతూనే ఉంటుంది, ఎవరూ దాన్ని కొట్టేయలేదు కాబట్టి. పొలం పోయి, పని దొరక్క, సారా అంగడి దగ్గర తేలిన తండ్రిని ఆ ఏడాది పక్కన పెట్టి చూస్తే, ఆ దెబ్బలకీ పిల్ల గుణానికీ సంబంధం లేదని మొదటిసారి కనిపిస్తుంది. కొట్టింది తప్పు కాకుండా పోదు. క్షమించి తీరాలని కూడా ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. నేరం మీది కాదని తెలియడం వేరు, క్షమించడం వేరు.

మూడో పని: నిలబడిన మనిషిని వెతకండి

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమీ వెర్నర్ బృందం నలభై ఏళ్ల వయసు వరకు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల అనారోగ్యం లాంటి కష్టాలు కలిసి చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్లకు అండగా నిలిచిన వాటిలో ఒకటి, తల్లిదండ్రులు కాకపోయినా నమ్మకంగా పట్టించుకున్న ఒక పెద్ద మనిషి.

మీ చిట్టాలో ఆ మనిషి ఎవరు? పెరుగన్నం పెట్టి పంపిన పక్కింటి మామ్మా, ఫీజు కట్టిన మాస్టారా, సెలవులకి తీసుకెళ్లిన మేనమామా? పేరు రాసి, ఆయన గానీ ఆమె గానీ మీలో ఏం చూశారో రెండు వాక్యాలు రాయండి. బతికి ఉంటే ఫోన్ చేయండి. ఎవరూ తట్టకపోతే బలవంతంగా వెతకొద్దు. అప్పుడు ఆ పని ఒంటరిగా మీరే చేశారని రాసుకోండి, అది నిజం కూడా.

నాలుగో పని: పాత కాపలాను ఇవాళ్టి అలవాట్లలో పట్టుకోండి

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ఆకలి చూసిన ఇంటి మనిషి డబ్బాలు నిండా బియ్యం, పప్పులు ఉన్నా ఇంకా కొంటారు, కోడలు పాచిపోయింది పారేస్తే మండిపడతారు. నాన్న గొంతుకి వణికిన మనిషి, ఇప్పుడు అల్లుడు టీవీ ముందు గట్టిగా మాట్లాడినా గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. చిన్నప్పుడే ఇల్లు మోసిన అప్ప, మోకాళ్లు అరిగినా ఎవర్నీ గ్లాసుడు నీళ్లు అడగరు. చిన్నప్పుడు అయినవాళ్లు వదిలేసి వెళ్లడం చూసిన మనిషికి, కొడుకు ఆదివారం ఫోన్ చేయకపోతే గుండె దడ.

ఇంట్లోవాళ్లకి ఇవన్నీ మొండితనం, చాదస్తం. నా దృష్టిలో ఇవి ఒకప్పుడు ప్రాణం కాపాడిన పద్ధతులు. అందుకే వాటిని తిట్టుకోకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ అలవాటు మొదట ఏ ఏడాది, ఎవరి నుంచి నన్ను కాపాడింది? ఇప్పుడు ఆ ప్రమాదం ఇంట్లో ఉందా? లేకపోతే, ఈ వారం దీన్ని ఎంత కొంచెం సడలించగలను?

కొంచెం అంటే నిజంగా కొంచెమే. సాయం అడగలేనివారు ఒక్కరిని ఒక్క చిన్న పని అడగాలి. ఫోన్ రాలేదని దడ పుట్టినవారు, "నాన్నా, ఆదివారం సాయంత్రం ఐదింటికి చేయరా, నాకు నిమ్మళంగా ఉంటుంది" అని టైము పెట్టించుకోవాలి. బియ్యం విషయంలో నెలకి సరిపడా ఒక డబ్బాను మాత్రం "ఇది నాది" అని ఉంచుకుంటే చాలు. ఒకేసారి రెండు అలవాట్లు పట్టుకోవద్దు.

రెండో ప్రశ్నకు "ఉంది" అని జవాబు వస్తే ఆగిపోండి. ఇప్పుడు కూడా ఎవరైనా కొడుతున్నా, పెన్షన్ డబ్బు లాక్కుంటున్నా అది పాత భయం కాదు. వృద్ధుల కోసం ఉన్న ఎల్డర్ లైన్ నంబరు 14567కి ఫోన్ చేయండి.

ఐదో పని: ఒకరికి చెప్పండి

రాయడం ఇష్టమైతే నాలుగు రోజులు, రోజూ పదిహేను నిమిషాలు రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు. మాట్లాడటం ఇష్టమైతే ఒక్క మనిషిని ఎంచుకోండి. ఎదురెదురుగా కూర్చోవడం కష్టమైతే బీచ్ రోడ్డులో పక్కపక్కనే నడుస్తూ చెప్పండి. రాత్రి పడుకునే ముందు మాత్రం ఇవి తవ్వుకోవద్దు.

వినే కొడుకులకీ కూతుళ్లకీ ఒక మాట. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా", "అప్పుడు అందరి ఇళ్లూ అంతే కదా మామయ్యగారూ" అనకండి. "తర్వాత ఏమైందమ్మా?" "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు?" అని అడిగి ఊరుకోండి. సలహా అడిగితేనే చెప్పండి. విన్న సంగతిని పెళ్లి భోజనాల దగ్గర ఎత్తకండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

రెండు వారాలకు మించి రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉంటే, ఇష్టమైన పనులమీద ఆసక్తి పోతే, తిండీ నిద్రా తప్పితే, పాత దృశ్యాలు కళ్లముందే జరుగుతున్నట్టు వస్తుంటే ఇంట్లో చేసే పనులు సరిపోవు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. నగరంలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో మానసిక వైద్య విభాగం ఉంది. చినవాల్తేరు అనగానే చాలామంది సిగ్గుపడతారు. ఆ సిగ్గు వల్లే ఏళ్లు గడిచిపోతాయి, నాకు అదే కోపం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలి.

మొదటిసారి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలు, పరీక్షల రిపోర్టులు తీసుకెళ్లండి. చిన్నప్పటి సంగతి డాక్టరు అడగకపోతే మీరే ఒక్క వాక్యంలో చెప్పండి: "నేను పెరిగిన ఇంట్లో భయం ఉండేదండీ." డిప్రెషన్ మందులు ఇస్తే పని కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి మొదటి వారంలో తేడా లేదని మానేయకండి. బాగయిందనిపించినా డాక్టరును అడిగే తగ్గించండి. మాటలతో చేసే చికిత్స కూడా ఉందేమో అక్కడే అడగండి. అరవై, డెబ్భై దాటినవారికి కూడా అది పనిచేస్తుంది.