నల్లగొండ ఎండను చూసి ప్లాను గీయండి

మన ఊళ్లో మొదటి ఇల్లు గీయబోతున్న కొత్త ఆర్కిటెక్ట్‌లు కంప్యూటర్ తెరిచే ముందు ఒక పని చేయాలి. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు ఆ స్థలంలో నిలబడాలి. మే దాకా ఆగే వీలు లేకపోతే, వేసవిలో ఏ గదిలో పడుకుంటారని పక్కింటి పెద్దమ్మను అడగండి. మేడ మీది గదిలోకి మార్చి నుంచి జూన్ దాకా ఎవరూ వెళ్లరని చాలా ఇళ్లలో చెబుతారు. అప్పు చేసి కట్టుకున్న గది ఏటా నాలుగు నెలలు మూతపడటం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ప్లానును పడమటి గోడతో మొదలుపెడతాను.

పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి సజ్జాతో అది ఆగదు. గోడ సాయంత్రమంతా వేడి పీల్చుకుని రాత్రి పదింటికి కూడా గదిలోకి వదులుతూనే ఉంటుంది. అక్కడ మనుషులు పడుకోని భాగాలు పెట్టండి. వాస్తు సిద్ధాంతిగారితో వాదం కూడా అక్కర్లేదు. వాయవ్యంలో బాత్రూము, పడమర మెట్లు అంటే ఆయన ఒప్పుకుంటారు, మనకు కావలసిందీ అదే. చిక్కల్లా నైరుతి పడకగదితోనే. ఆ గదికి పడమటి గోడ పొడవునా అల్మారాలు, పైన అటక పెట్టి, కిటికీని దక్షిణానికి తిప్పండి. 150 గజాల స్థలంలో కూడా ఇది కుదురుతుంది.

ఆ ఒక్క పడమటి గోడనైనా తొమ్మిదంగుళాల మందంతో కట్టించండి. ఇటుకలను నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతి ఇంకా మేలు. మామూలు తొమ్మిదంగుళాల గోడతో పోలిస్తే ఇటుక దాదాపు పావు వంతు మిగులుతుంది, లోపలి గాలి వేడిని నెమ్మదింపజేస్తుంది. అయితే ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి. బట్టీ దగ్గరే పది ఇటుకలు పక్కపక్కన పెట్టి టేపుతో చూసుకోండి. మేస్త్రీకి కాగితం చూపించి వదిలేయవద్దు. మూడడుగుల నమూనా గోడ ముందు కట్టించండి, దాని కూలి విడిగా ఇవ్వండి. అనుభవమున్న మేస్త్రీ రెండో వరసకే కిటుకు పట్టేస్తారు, మనకు తట్టని సవరణ కూడా చెబుతారు.

దక్షిణపు కిటికీకి లెక్క సులువు. మనం సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. నాలుగడుగుల ఎత్తున్న కిటికీకి ఆనుకుని పైన రెండడుగుల సజ్జా వేస్తే, మార్చి 21 మధ్యాహ్నం నీడ కిటికీ మొత్తాన్ని కప్పేస్తుంది. డిసెంబరులో రెండడుగుల పైచిలుకు దాకానే దిగుతుంది, మిగతా భాగంలోంచి చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. ఉత్తరాన సజ్జా అనవసరమని కొందరు డబ్బు మిగుల్చుకుంటారు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. అక్కడా ఒకటిన్నర అడుగు వేయండి.

వెలుగు గురించి నేర్చుకోవడానికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. గర్భగుడిలో పగలంతా నిలిచే ఆ స్తంభపు నీడను చూడటానికే అందరూ వెళతారు. మీరు మాత్రం మండపంలో కూర్చుని, సూటి ఎండ పడని చోటుకు స్తంభాల మధ్య నుంచి వెలుగు ఎలా చేరుతోందో గమనించండి. ముందు గోడంతా అద్దం కావాలని యజమాని అడిగినప్పుడు ఆయననూ అక్కడికే తీసుకెళ్లండి.

స్లాబు వేడి తగ్గడానికి తెల్ల సున్నం చాలు. రాత్రంతా నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి, తడిపిన స్లాబు మీద రెండు పూతలు వేయాలి. ఏటా ఉగాదికి ముందు మళ్లీ వేయాలి.

ఇక నీళ్లు. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మన జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. వాన నీటిలో అది దాదాపు ఉండదు. 900 చదరపు అడుగుల స్లాబు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 800 లీటర్లకు పైగా నీళ్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు అనుకుని, ఐదో వంతు వృథా తీసేసినా 45 వేల లీటర్లు దాటుతాయి. ఇన్ని నీళ్లను మోరీలోకి వదలడం నాకు అన్యాయంగా తోస్తుంది. స్లాబు వాలు ఈశాన్యానికే ఇస్తారు, సంపూ అక్కడే తవ్వుతారు. మధ్యలో ఇసుక, కంకర, బొగ్గు వేసిన వడపోత తొట్టి ఒకటి కట్టించండి. మొదటి వాన నీటిని బయటికి వదిలే వాల్వు దానికి ముందు ఉండాలి. సంపు నిండాక పొర్లే నీళ్లు బోరు పక్కన ఇంకుడు గుంతలోకి వెళ్లాలి.

ఫీజు సంగతి మొదటి రోజే మాట్లాడండి. చాలామంది ఎలివేషన్ బొమ్మకు, అంటే ఇల్లు బయటికి ఎలా కనబడుతుందో చూపే బొమ్మకు, డబ్బిస్తారు కానీ ప్లాను ఊరికే వస్తుందనుకుంటారు. మూడు విడతలుగా అడగండి: ప్లాను ఒప్పుకున్నాక ఒకటి, స్లాబుకు ముందు ఒకటి, ఇంటి పని పూర్తయ్యాక ఒకటి. రెండో విడత అందే రోజున సెంట్రింగ్ మీద మీరే నిలబడి, ఈశాన్యపు మూలకు వాలు సరిగా ఉందో లేదో లెవెల్ పైపుతో చూసుకోండి. కాంక్రీటు పోశాక ఆ వాలును సరిచేయడం చాలా ఖర్చుతో కూడిన పని.