డీటీ లెవెల్‌లో మొదటి 60 టర్న్‌లు: సిటీ చేజారకుండా ముందుజాగ్రత్తలు

సంక్రాంతి సెలవులకు హైదరాబాద్, బెంగళూరుల నుంచి కుర్రాళ్లంతా విజయనగరం చేరతారు. కనుమ వెళ్లగానే ల్యాప్‌టాప్‌లు తెరుచుకుంటాయి. మా వీధిలో ఎక్కువమంది ఆడేది సివిలైజేషన్ 6, రాజ్యాన్ని టర్న్ టర్న్‌కూ పెంచుకునే కంప్యూటర్ గేమ్. ఏడాదంతా ప్రిన్స్, కింగ్ లెవెల్స్‌లో గెలిచినవాళ్లు సెలవుల్లో ధైర్యం చేసి అన్నిటికన్నా కష్టమైన డీటీ ఎంచుకుంటారు. 40వ టర్న్ దాటకముందే "ఏటి బావా, అప్పుడే వచ్చీసినారు!" అన్న కేక వినిపిస్తుంది. రెండో సిటీ పోతుంది, కొందరికి రాజధానే పోతుంది. ఆ ఓటమి మీరు ఆడిన యుద్ధంలో లేదు, అంతకు ముందు గడిచిన 30 టర్న్‌లలో ఉంది. అందుకే కొత్త ఆట మొదలెట్టకముందే ఈ జాగ్రత్తలు చదువుకోండి.

డీటీలో ఏఐకి, అంటే కంప్యూటర్ ఆడించే పొరుగు రాజుకు, తెలివి పెరగదు, చేతిలో సరుకు పెరుగుతుంది. మీరు ఒక సెట్లర్ (కొత్త సిటీ పెట్టే యూనిట్), ఒక వారియర్‌తో మొదలుపెడితే, వాడు 3 సెట్లర్లు, 5 వారియర్లతో మొదలుపెడతాడు. పైగా వాడి ప్రతి యూనిట్‌కూ పోరాటంలో 4 పాయింట్లు అదనం. అంటే మొదటి టర్న్‌లోనే మీ పక్కింట్లో ఒక చిన్న సైన్యం ఖాళీగా కూర్చుని ఉంది. ఎటు వెళ్లాలా అని అది చూస్తుంటుంది. దగ్గరలో ఎవరు బలహీనంగా కనిపిస్తే అటు కదులుతుంది.

ఇక్కడే మనవాళ్లు ఎక్కువమంది పొరబడతారు. సైన్యానికి పెట్టిన ప్రొడక్షన్ (సిటీ తయారీ శక్తి) వృథా అనుకుని స్టోన్‌హెంజ్ కట్టడం మీదా, మూడో సెట్లర్ మీదా పెడతారు. కానీ మొదట్లో బాణాలు వేసే ఆర్చర్ల అసలు పని యుద్ధం చేయడం కాదు, యుద్ధం రాకుండా చూడడం. పొరుగువాడు మీ మీదకు రావాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మీ సైనిక బలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. ఆ అంకె మరీ చిన్నగా ఉంటే మీ మీద వాడికి ఎంత మంచి అభిప్రాయం ఉన్నా లాభం లేదు. గ్యాదరింగ్ స్టార్మ్ అనే అదనపు ప్యాక్ ఉన్నవాళ్లకు పై వరుసలో నాయకుల బొమ్మల దగ్గర అందరి సైనిక బలమూ కనిపిస్తుంది. అయిదారు టర్న్‌లకోసారి అటు ఒక చూపు వేయండి. పక్కవాడి అంకెలో మీది సగం కూడా లేకపోతే సెట్లర్ తయారీ ఆపి ఆర్చర్ పెట్టండి.

నేను చెప్పే వరుస సులువు: ముందు స్కౌట్, తర్వాత రెండు స్లింగర్లు (రాళ్లు విసిరేవాళ్లు), ఆ తర్వాతే సెట్లర్. స్లింగర్ దెబ్బ 15, అదీ పక్క టైల్ (మ్యాప్‌లోని గడి) వరకే. ఆర్చర్ దెబ్బ 25, రెండు టైల్స్ దూరం నుంచి. వారియర్ బలం 20. ఈ తేడా వల్లే ఆర్చర్‌ను తొందరగా తెచ్చుకోవాలి. స్లింగర్‌తో ఏదో ఒక యూనిట్‌ను చంపితే ఆర్చరీ టెక్నాలజీకి యురేకా, అంటే దాన్ని త్వరగా నేర్చుకునే బోనస్, వస్తుంది. వారియర్‌తో కొట్టి బలహీనం చేసి, ఆఖరి దెబ్బ మాత్రం స్లింగర్‌కు వదలండి. తర్వాత స్లింగర్లను గోల్డ్‌తో ఆర్చర్లుగా మార్చుకోవచ్చు. కాబట్టి మొదట వచ్చిన గోల్డ్‌ను బిల్డర్ కొనడానికి ఖర్చు చేయకుండా దాచండి. క్రాఫ్ట్స్‌మన్‌షిప్ అనే సివిక్ పూర్తికాగానే అగోగే పాలసీ కార్డు పెట్టుకుంటే ఆర్చర్లు, వారియర్ల తయారీ 50 శాతం వేగం అందుకుంటుంది.

పొరుగు రాజు కన్నా ముందు వచ్చేది బార్బేరియన్లు, ఏ రాజ్యానికీ చెందని దోపిడీ గుంపులు. వాళ్ల స్కౌట్ మీ సిటీని చూస్తే దాని తల మీద ఎర్రగా ఆశ్చర్యార్థకం గుర్తు వెలుగుతుంది. అది వెనక్కి వెళ్లి క్యాంప్ చేరిందా, అక్కణ్నుంచి గుంపు బయల్దేరుతుంది. క్యాంప్ దగ్గర గుర్రాలుంటే వచ్చేది ఆశ్వికులే, వాళ్లను తట్టుకోవడం మరీ కష్టం. ఆ స్కౌట్‌ను అక్కడే చంపాలి. చంపలేకపోతే కనీసం దాని దారికి అడ్డంగా నిలబడాలి. వారియర్‌ను మొదటి పది టర్న్‌లు మరీ దూరం పంపొద్దని నేను చెప్పేది అందుకే. ఎవరికైనా కనిపిస్తున్న టైల్‌లో కొత్త క్యాంప్ పుట్టదు. కాబట్టి మీ సిటీ వెనకనున్న చీకటి ప్రదేశం కనిపించేలా ఒక గుట్ట మీద యూనిట్‌ను నిలబెట్టడం మంచి కాపలా. వంటరిగా నడిచే సెట్లర్‌ను బార్బేరియన్లు ఎత్తుకుపోతారు. వెంట మనిషి లేకుండా దాన్ని గడప దాటించొద్దు.

రెండో సిటీ చోటు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మంచి రిసోర్స్ కనిపించిందని పొరుగువాడి సరిహద్దు దగ్గరే పెడతారు. అక్కడ గొడవ తప్పదు. పొరుగు నాయకుడు చంద్రగుప్తుడైతే మరీ జాగ్రత్త. తన సరిహద్దుకు దగ్గరగా ఉన్నవాళ్లంటే ఆయనకు ఆటలో గిట్టదు. అజ్టెక్ మొంటెజుమా దగ్గరుంటే వాడి ఈగిల్ వారియర్ బలం 28 అని గుర్తుపెట్టుకోండి, అది మొదటి టర్న్ నుంచే దొరుకుతుంది. సుమేరియా వార్ కార్ట్ బలం 30, అదీ మొదటి నుంచే. ఇలాంటివాళ్ల పక్కన సిటీ పెట్టాల్సి వస్తే గుట్ట మీదే పెట్టండి, వాళ్లు వచ్చే వైపు నది ఉండేలా చూసుకోండి. నది దాటి కొట్టేవాడి బలం తగ్గుతుంది, దాటడానికే వాడికి టర్న్ పోతుంది. ఈలోగా మీ ఆర్చర్లకు ఒక వాయి ఎక్కువ దొరుకుతుంది.

ఇక గోడలు. దీని ముందు ఆట సివ్ 5 ఆడినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: సిటీ దానంతట అదే బాణాలు వేస్తుందని. సివ్ 6లో గోడ లేని సిటీ ఏమీ చేయలేదు, ఊరికే దెబ్బలు తింటుంది. మేసనరీ నేర్చుకుంటే వచ్చే ఏన్షియంట్ వాల్స్‌కు 80 ప్రొడక్షన్ కావాలి. క్వారీ కడితే మేసనరీకి యురేకా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదీ: ఆర్చర్‌ను గోల్డ్‌తో అప్పటికప్పుడు కొనొచ్చు, గోడను గోల్డ్‌తో కొనలేరు. శత్రువు కనిపించాక మొదలెడితే, చిన్న సిటీలో అది పూర్తయ్యేసరికి కట్టడానికి ఊరే ఉండదు. సరిహద్దులో ఉన్న ఒక్క సిటీకైనా ముందే కట్టండి. లోపలి సిటీలకు తొందర లేదు. వాడు గోడలు పగలగొట్టే బ్యాటరింగ్ ర్యామ్ తెస్తే మాత్రం మీ బాణాలు ముందు దాని వెంట నడిచే యూనిట్ల మీద పడాలి.

సైన్యం ఉంటే సరిపోదు, ఉండాల్సిన చోట ఉండాలి. ఇది మన జిల్లావాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదకు విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి వీరుడుండీ కోట ఒక్కరోజులో పడిపోయింది. ఆటలో మనవాళ్లు నలుగురు ఆర్చర్లనూ ఎక్కడో బార్బేరియన్ క్యాంప్ మీదకు తోలేసి, ఇంటి దగ్గర ఒక్కరినీ ఉంచరు. ఎంత అవసరమొచ్చినా ఇద్దర్ని సరిహద్దు సిటీకి రెండు టర్న్‌ల దూరంలోనే ఉంచండి. స్కౌట్‌ను కూడా మ్యాప్ చివరి దాకా తిప్పి చంపుకోకుండా, పొరుగువాడి రాజధాని నుంచి మీ వైపు వచ్చే దారి మీద ఆపండి. వాడి యూనిట్లు నాలుగైదు ఒకేసారి మీ సరిహద్దు పక్కన చేరాయంటే అది షికారు కాదు. ఆ టర్న్ నుంచే సిద్ధం కావాలి.

దాడి మొదలయ్యాక టెన్షన్ పడి అందరినీ తలో దెబ్బ కొట్టొద్దు. ఒక్కో యూనిట్‌కు 100 ప్రాణం. సమాన బలమైతే ఒక దెబ్బకు సుమారు 30 పోతుంది. కాబట్టి అందరూ కలిసి ఒక్కడినే చంపండి, ఆ తర్వాత ఇంకొకడు. దూరం నుంచి కొట్టే యూనిట్లు సిటీని పట్టుకోలేవు, పట్టుకునేది దగ్గరకొచ్చే వారియర్ లాంటివే. సిటీ ప్రాణం అడుగంటినప్పుడు ముందు వాటినే చూసుకోండి. ఒక ఆర్చర్‌ను సిటీ సెంటర్‌లో కూర్చోబెడితే సిటీ పడేదాకా దానికి దెబ్బ తగలదు. వారియర్‌ను మాత్రం బయటే నిలపండి. చుట్టూ శత్రువు కమ్మేస్తే సిటీ ప్రాణం తిరిగి నిండదు, ఒక్క వైపు దారి తెరిచి ఉన్నా టర్న్‌కు 20 చొప్పున కోలుకుంటుంది. ఆ తెరిచిన వైపే మీ వారియర్ ఉండాలి.

మాటలతో ఆపగలిగేది ముందే ఆపాలి. కొత్త నాయకుడు కలిసిన టర్న్‌లోనే 25 గోల్డ్ పెట్టి డెలిగేషన్ (రాయబార బృందం) పంపండి, ఆలస్యమైతే వాడు మీ మీద ముఖం మాడ్చుకుని వద్దంటాడు. ఒప్పుకోగానే స్నేహం ప్రకటించండి. మామూలు వేగంలో అది 30 టర్న్‌లు ఉంటుంది, ఆ 30 టర్న్‌లూ వాడు యుద్ధం ప్రకటించలేడు. గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకోండి, ఆ టర్న్‌లోనే మళ్లీ అడగాలి.

ఆటోసేవ్‌ను ప్రతి టర్న్‌కూ పెట్టుకోండి. ఇది మన ప్రాంతానికి తప్పనిసరి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు మన ఉత్తరాంధ్రలో ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి కరెంట్ లేకుండా గడిపాయి. దసరా సెలవుల్లో ఆడేవాళ్లు గాలి మొదలవగానే సేవ్ చేసి ల్యాప్‌టాప్ మూసేయండి, ఆ ఛార్జింగ్ ఫోన్‌కు పనికొస్తుంది.

మొదటి దాడి తిప్పికొట్టాక వాడి మీదకు పరిగెత్తాలని ఉంటుంది. ఆగండి. ఎదురుదాడికి వెళ్తే వాడి గోడల ముందు మీ ఆర్చర్లు చస్తారు. మామూలు వేగంలో యుద్ధం మొదలైన 10 టర్న్‌ల తర్వాత శాంతి అడగొచ్చు. అప్పటికి వాడి యూనిట్లు నాలుగైదు పోయి ఉంటే, శాంతితో పాటు గోల్డ్ కూడా అడగండి. ఒప్పందం టేబుల్ మీద ఎంతిస్తాడో ఒక్కో మెట్టు పెంచుతూ చూడండి. గోడకు తగిలిన దెబ్బ మూడు టర్న్‌లు ఎవరూ కొట్టకుండా ఉంటేనే బాగు చేసుకోవచ్చు. కాబట్టి శాంతి కుదిరాక మొదటి పని అదే, సెట్లర్ ఆ తర్వాత.