సమాచార అందుబాటును కొలవడం – మూడో పాఠం: తాళం వేసిన తలుపుకు ఎన్ని మార్కులు?

సమాచార హక్కు చట్టం (2005) నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు ఎవరూ అడగకముందే వెల్లడించవలసిన 17 అంశాల నుంచి, రైతుకూ కూలీకీ నిత్యం అక్కరకొచ్చే ఐదింటిని గత పాఠంలో ఏరుకున్నాం. ఇక ఆ పట్టిక పట్టుకుని ఊళ్లకు వెళ్లాలి.

2022 విభజన తర్వాత అనంతపురం జిల్లాలో 3 రెవెన్యూ డివిజన్లు, 31 మండలాలు మిగిలాయి. డివిజన్‌కు రెండేసి మండలాలు, మండలానికి రెండేసి గ్రామ సచివాలయాల చొప్పున చీటీలు తీస్తే 12 వస్తాయి. కుందుర్పి చీటీ వస్తే కుందుర్పికే వెళ్లాలి. దూరమని రాప్తాడుతో సరిపెట్టుకోకూడదు.

బోర్డు ఉందా, లేదా అని ఒక్క గీటుతో తేల్చేయకండి. ఒక ఊళ్లో నేను చూసిన ఫ్లెక్సీలో 17 అంశాలూ ఉన్నాయి గానీ, దాని ముందు బీరువా పెట్టారు. గోడకు చెంప ఆనించి చూస్తే పౌర సమాచార అధికారి పేరులో చివరి రెండక్షరాలు, ఫోన్ నంబరులో నాలుగంకెలు కనిపించాయి. అందుకే ‘ఉంది’ అన్న గడిలో 1, ‘చదవగలం’ అన్న గడిలో 0 వేశాను.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది తాళం దగ్గర. ఉదాహరణకు 12 సచివాలయాల్లో 3 మూసి ఉన్నాయి, తెరిచిన 9లో 6 చోట్ల సమాచారం దొరికింది అనుకుందాం. మూసినవాటిని ‘వివరం లేదు’ అని పక్కన పెడితే 9కి 6, అంటే 67 శాతం. వాటినీ లెక్కలో ఉంచితే 12కి 6, అంటే 50 శాతం. పని మానుకుని వచ్చిన మనిషి ఉత్తచేతులతో తిరిగి వెళ్లాడు కనుక రెండో లెక్కే సరైనది. అయితే సెలవు రోజునో, జాతర రోజునో వెళ్లి సున్నా వేయడం అన్యాయం. పనిరోజున, పనివేళల్లో రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ తాళమే కనిపిస్తేనే సున్నా వేయండి. తేదీ, సమయం పక్కనే రాయండి.

అభ్యాసం: ఆ 12 చోట్లా ఒకే ప్రశ్నతో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ఊళ్లో ఎవరైనా రుసుము అడిగితే అదీ పట్టికలో చేర్చండి. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబులకు మార్కులు వేయడం నాలుగో పాఠంలో చూద్దాం.