రైల్‌గన్ లెక్కను కాగితం మీద సరిచూసే పద్ధతి

మందుగుండు లేకుండా, రెండు లోహపు పట్టాల గుండా విద్యుత్తు పంపి, దాని అయస్కాంత బలంతో సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో గుండును విసిరే తుపాకీ అయిన రైల్‌గన్ గురించి చదివిన విద్యార్థి ముందుగా తేల్చుకోవలసింది శక్తి ఎంత అన్నది కాదు, ఆ శక్తిని ఎంతసేపట్లో ఇవ్వాలన్నది. అమలాపురంలో ఇంటర్ పిల్లలకు ఈ లెక్క ఇస్తే చాలామంది శక్తి ఎంత అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు.

గుండు ద్రవ్యరాశి 3.2 కిలోలు అనుకొని, అందులో సగాన్ని వేగ వర్గంతో గుణించండి. 10 మెగాజౌళ్లు వస్తుంది. ఇది మూడు యూనిట్ల కరెంటు కూడా కాదు. ఇంట్లో ఏసీ రెండు గంటలు నడిస్తే అంత ఖర్చవుతుంది. ఇప్పుడు పట్టాల పొడవు 10 మీటర్లనీ, త్వరణం మారదనీ తీసుకొని, పొడవుకు రెట్టింపును తుది వేగంతో భాగిస్తే కాలం 8 మిల్లీసెకన్లని తేలుతుంది. అంటే సగటున 1250 మెగావాట్ల సామర్థ్యం కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

తరువాత శక్తిని పొడవుతో భాగించండి. పది లక్షల న్యూటన్ల బలం, అంటే సుమారు 100 టన్నుల బరువు, గుండును ముందుకు నెడుతూ అంతే బలంతో తుపాకీని వెనక్కి తోస్తుంది. పట్టాల ప్రేరకత్వం, అంటే ప్రవాహం ఎంత అయస్కాంత ప్రభావాన్ని పుట్టిస్తుందో చెప్పే కొలత, మీటరుకు 0.5 మైక్రోహెన్రీ అయితే, అందులో సగాన్ని ప్రవాహ వర్గంతో గుణిస్తే బలం వస్తుంది కనుక, ఈ బలానికి 20 లక్షల ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించాలి. ఆ ప్రవాహమే రెండు పట్టాలనూ ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయజూస్తుంది. రెండు పట్టాలనూ కలుపుతూ గుండుతో పాటు జారే లోహం తాకే చోట పట్టా ఉపరితలం కరిగి గీతలు పడుతుంది. అమెరికా నౌకాదళం 2010 డిసెంబరు 10న డాల్‌గ్రెన్‌లో 33 మెగాజౌళ్ల ప్రయోగం చేసి చూపినా, 2021లో ఆ పనిని ఆపివేసింది. ఒకసారి పేల్చడం వేరు, వందలసార్లు పేల్చినా పట్టాలు నిలవడం వేరు.

గాలిని చివర చేర్చండి. సముద్రమట్టం దగ్గర గుండు ముక్కు మీద పీడనం, గాలి సాంద్రతలో సగాన్ని వేగ వర్గంతో గుణించే సాధారణ సూత్రం ప్రకారమే, దాదాపు 37 వాతావరణాలు ఉంటుంది. అక్కడి గాలి రమారమి మూడువేల డిగ్రీలకు వేడెక్కుతుంది.

ఈ గుండును ధవళేశ్వరం ఆనకట్ట నుంచి అంతర్వేదికి విసరాలనీ, దూరం నేరుగా సుమారు 70 కిలోమీటర్లనీ అనుకోండి. గాలిని వదిలేసినా ప్రయాణం 28 సెకన్లు, ఆలోగా గురుత్వం వల్ల పతనం 3.8 కిలోమీటర్లు. బల్లపరుపుగా కనిపించే డెల్టా నేల కూడా అంత దూరంలో భూమి వంపు వల్ల దాదాపు 400 మీటర్లు దిగిపోతుంది. ఈ పతనాన్ని సరిపెట్టడానికి తుపాకీని మూడు డిగ్రీల కోణంలో పైకెత్తితే చాలని లెక్క చెబుతుంది గాని, ఆ దారి కిలోమీటరు ఎత్తు కూడా దాటదు కనుక దట్టమైన గాలి గుండు వేగాన్ని మధ్యలోనే హరించివేస్తుంది. కాబట్టి కోణాన్ని బాగా పెంచి, పలుచని గాలి గుండా సాగే దారికి లెక్కను మళ్లీ వేయాలి.