పాత బండి విప్పే ముందు: ఖాళీ ట్యాంకుకు మంట చూపించొద్దు

పోయిన నెల నెల్లూరులో మాకు తెలిసిన కుర్రాడొకడు వాళ్ల తాతగారి బుల్లెట్ ట్యాంకుకు చిల్లి పూడ్పించబోయి ముఖం, చేతులు కాల్చుకున్నాడు. ట్యాంకులో పెట్రోలు లేదు. రెండు రోజుల ముందే వంపేశాడు, ఎండలో ఆరబెట్టాడు, వెల్డింగ్ షాపులో తలకిందులు చేసి మరీ చూపించాడు. "చుక్క కూడా లేదన్నా, పెట్టెయ్" అన్నాడు. షాపతను టార్చి దగ్గరికి తెచ్చాడో లేదో ట్యాంకు అడుగు రేకు ఊడి ఎగిరింది. ఇద్దరికీ ప్రాణాలు దక్కాయి. కుర్రాడి కుడిచేతి వేళ్లు మాత్రం ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవడం లేదు.

వేసవి సెలవులు వస్తున్నాయి. మన వైపు పాత బళ్లు విప్పడం ఎక్కువగా ఈ రెండు నెలల్లోనే జరుగుతుంది. పిల్లలు హాస్టళ్ల నుంచి వస్తారు, బెంగళూరులో ఉద్యోగాలు చేసేవాళ్లు ఇంటి నుంచి పని పెట్టుకుని వస్తారు. మెట్ల కింద దుమ్ముకొట్టుకుపోయిన బుల్లెట్టో, యెజ్డీనో, రాజ్‌దూతో, ఆర్‌ఎక్స్ 100నో పోర్టికోలోకి వస్తుంది. ఆర్‌ఎక్స్ 100 తయారీ, మైసూరులో యెజ్డీ తయారీ రెండూ 1996లోనే ఆగిపోయాయి కాబట్టి వాటి సామాన్ల కోసం చెన్నైలో పాత సామాన్ల బజారు పుదుపేట దాకా వెళ్లి వెతుకుతారు. ఆ ఓపిక, ఆ ఇష్టం చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

పానా జారి వేలు చెక్కుకుపోవడం, నట్లు కలిసిపోవడం లాంటివి ఇక్కడ చెప్పను. ఫొటోలు తీసుకుంటూ విప్పండి, డబ్బాల మీద పేర్లు రాసుకోండి, చాలు. మనిషిని మంచాన పడేసేవి వేరే ఉన్నాయి.

ట్యాంకు సంగతి

ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించొద్దు. ఇన్నేళ్లలో నేను చూసిన పెద్ద ప్రమాదాలన్నిటికీ మూలం ఇదొక్కటే. పెట్రోలు లేదు కాబట్టి భయం లేదనుకోవడం.

మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైతే ఆవిరి చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. నిండు ట్యాంకులో మూత కింద ఆవిరి చిక్కగా ఉంటుంది. వంపేసిన ట్యాంకులో కొంత ఆవిరి బయటికి పోయి, ఆ మేరకు గాలి లోపలికి వచ్చి, సరిగ్గా పేలే పాళ్లలో కలుస్తుంది. పద్నాలుగు లీటర్లు పట్టే ట్యాంకు పేలడానికి టీ చెంచాడు పెట్రోలు కూడా అక్కర్లేదు. నిండుగా ఉన్నప్పుడు మంట చూపించొచ్చని కాదు నేను చెప్పేది. ఖాళీ అయ్యాక ప్రమాదం పోదు, పెరుగుతుందని చెబుతున్నాను.

ఆ చెంచాడు ఎక్కడ ఉంటుందంటే, రెండు రేకులు కలిసే అంచు మడతలో. ఫ్రేము మీద కూర్చునే అడుగు వంపులో. లోపల పొరలు పొరలుగా లేచిన తుప్పు కింద. పదేళ్లుగా ఎండిపోయిన ట్యాంకులో కూడా పాత పెట్రోలు గోధుమరంగు జిగురులా పట్టుకుని ఉంటుంది. ముక్కు పెట్టి చూస్తే వాసన కూడా పెద్దగా రాదు. టార్చి వేడి తగిలితే ఆ జిగురే మళ్లీ ఆవిరవుతుంది.

వారం రోజులు ఎండలో పెట్టాం అంటారు. ఎండకు తేలికపాటి భాగం పోతుంది, బరువైనది మిగిలిపోతుంది. నీళ్లతో కడిగాం అంటారు. పెట్రోలు నీళ్లలో కలవదు, తుప్పు కింద ఉన్నది అక్కడే ఉంటుంది. గాలి కొట్టించాం అంటారు. ఆ గాలి మడతల్లోకి పోదు. ఇలా ఏ కారణం చెప్పినా సరే, ఖాళీ ట్యాంకుకు మంట చూపించొద్దు.

మన జిల్లాల్లో ఈ అవసరం ఎక్కువ రావడానికి కారణం ఉంది. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి రేకు బయటి నుంచి తినేస్తుంది. లోపలేమో పెట్రోలు కంటే బరువైన నీళ్లు అడుగుకు చేరి, ట్యాప్ పక్క మూలల్ని తినేస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు గాలిలోని తేమను కూడా లాగుతుంది. అందుకే చిల్లులు దాదాపు ఎప్పుడూ అడుగునే పడతాయి. చెమ్మగా ఓ మచ్చ కనబడుతుంది, పెయింటు బుడగలా లేస్తుంది, గోరుతో గీకితే ఊడొస్తుంది.

గుండుసూది మొనంత చిల్లి అయితే వేడి అక్కర్లేని పద్ధతులున్నాయి. లోపల తుప్పు తీసి, పెట్రోలుకు తట్టుకునే ట్యాంకు సీలర్ (లోపల పూతలా పట్టి చిల్లి మూసేది) పోయొచ్చు. ఇథనాల్‌కు ఆగుతుందని డబ్బా మీద ఉన్నదే కొనండి. తుప్పు తీయడానికి వేడి నీళ్లలో నిమ్మఉప్పు కలిపి రాత్రంతా ఉంచితే బాగా పని చేస్తుంది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. పులుపు ఇనుము మీద పని చేసేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. కాబట్టి మూత బిగించొద్దు, దగ్గర్లో అగ్గిపుల్ల గీయొద్దు. తుప్పు రాలడానికి నట్లు వేసి ఊపేవాళ్లు ముందు సబ్బు నీళ్లతో ట్యాంకు శుభ్రంగా కడగండి, వేసిన నట్లు లెక్కపెట్టి తీయండి.

రేకు ముక్క వేసి అతకాల్సినంత పెద్ద రంధ్రమైతే రోజూ ట్యాంకులే చేసే పనివాడి దగ్గరికే వెళ్లండి. మంట పెట్టే ముందు ఏం చేస్తావని అడగండి. వేడి సబ్బు నీళ్లతో ఇన్నిసార్లు కడుగుతాను, నీళ్లు నింపి పని చేసే చోట మాత్రమే ఖాళీ ఉంచుతాను అని వివరంగా చెప్పగలగాలి. "ఏం కాదులే అన్నా, రోజూ చేసేదేగా" అని ఊరుకుంటే ట్యాంకు తీసుకుని వచ్చేయండి. గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డర్ ఎంత పనిమంతుడైనా ట్యాంకు అతని పని కాదు. మొహమాటపడొద్దు.

ఇంట్లో నిప్పు

పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నీళ్లలాగా నేల వెంబడి పాకి గడప దాటుతుంది. పోర్టికోలో తట్టలో పెట్రోలు పోసి కార్బొరేటర్ కడుగుతుంటే, మీకు కనపడని వంటగది స్టవ్వో, దేవుడి గూట్లో దీపమో దాన్ని అందుకుంటుంది. మంట అదే దారిన వెనక్కి తట్ట దగ్గరికి వస్తుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పుట్టించే సరుకు అది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఎండ తగ్గాక సాయంత్రం పని మొదలుపెడతారు. చీకటి పడగానే దోమలు. మన ఊళ్లో దోమల గురించి చెప్పక్కర్లేదు. కాళ్ల దగ్గర కాయిల్ వెలిగించుకుని పక్కనే పెట్రోలు తట్ట పెట్టుకున్నవాళ్లను చూశాను. ఇంకో ఇంట్లో పక్కన కూర్చున్న పిల్లవాడు దోమల బ్యాటు ఊపుతున్నాడు. టప్ టప్‌మని ఆ బ్యాటులో వచ్చేది రవ్వ కాక ఇంకేమిటి? కాయిల్ వద్దు, బ్యాటు వద్దు. ఫుల్ చేతుల నూలు చొక్కా వేసుకోండి, లేదంటే పొద్దున్నే పని చేసుకోండి.

పెట్రోలుతో కడగడమే మానేస్తే ఇంకా మంచిది. జిడ్డు వదలడానికి డీజిల్ చాలు. అదీ మండేదే, కానీ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదు.

స్పార్కు ప్లగ్గు పరీక్ష కూడా జాగ్రత్తగా చేయాలి. అందరూ చేసేది ఒకటే. ప్లగ్గు విప్పి, క్యాప్‌లో పెట్టి, ఇంజిన్ హెడ్డుకు ఆనించి, కిక్కు కొట్టి నీలిరంగు రవ్వ వస్తోందా లేదా అని వంగి చూస్తారు. అప్పటికే పది కిక్కులు కొట్టి ఉంటారు కాబట్టి బోరు (సిలిండర్ లోపలి భాగం) నిండా పెట్రోలు ఆవిరి. పదకొండో కిక్కుకు అది ప్లగ్గు రంధ్రంలోంచి బుస్సుమని కొడుతుంది, పక్కనే రవ్వ, దాని మీద మీ ముఖం. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఇగ్నిషన్ ఆపి ప్లగ్గు లేకుండా నాలుగు కిక్కులు కొట్టి, ఆవిరి పోనివ్వండి. పాత ప్లగ్గు ఒకటి ఆ రంధ్రంలో చేత్తో బిగించి, రవ్వ చూసే ప్లగ్గును హెడ్డు మీద వీలైనంత దూరంగా ఆనించండి.

బిగించేటప్పుడు, స్టార్ట్ చేసేటప్పుడు

ట్యాంకు లేకుండా సీసాలో పెట్రోలు వేలాడదీసి స్టార్ట్ చేయొద్దు. ఊడిందంటే వేడి సైలెన్సర్ మీదే పడుతుంది.

పాత రబ్బరు పెట్రోలు పైపు ఎంత బాగా కనిపించినా పారేయండి. ఇథనాల్ పెట్రోలుకు అది ఉబ్బి పగులుతుంది. ఇథనాల్‌కు పనికొచ్చేదే వేసి, రెండు చివరలా క్లిప్పులు పెట్టండి.

నోటితో పైపు పీల్చి పెట్రోలు తీయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు.

తుప్పు తీయడానికి బాత్‌రూమ్ యాసిడ్ వాడేవాళ్లు దాన్ని బ్లీచింగ్‌తో కలపొద్దు. యాసిడ్ పలచన చేయాలంటే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు.

పాత బ్రేకు డ్రమ్ము విప్పగానే ఉఫ్‌మని ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

గ్రైండర్, డ్రిల్లు వైరు బ్రష్షు పెట్రోలు ఉన్న చోట వద్దు. రాలే రవ్వలు సరే, డ్రిల్లు మోటారులోనే రవ్వలుంటాయి. కళ్లద్దాలు పెట్టుకోండి.

గ్రైండర్ ఇంజిన్ నంబరు మీద, చాసిస్ నంబరు మీద పెట్టొద్దు. అవి చెరిగితే బండి ఎంత అందంగా తయారైనా కాగితాల్లో అది మీది కాదు. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, అది అయిదేళ్లకోసారి. 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించొచ్చు, కానీ దాన్ని రోజువారీగా తిప్పకూడదు.

లుంగీతో చైన్ దగ్గర కూర్చోవద్దు.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, గేరు వేసి, తిరిగే చైన్‌ను గుడ్డతో తుడవొద్దు. గుడ్డను చైన్ పట్టుకుంటుంది, గుడ్డను మీరు పట్టుకుని ఉంటారు. వేలు పోవడానికి క్షణం చాలు. ఇంజిన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుకుంటూ తుడవండి. పిల్లల్ని ఆ పక్కకు రానివ్వొద్దు.

చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశలో ఉండాలి.

యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్లకు పెట్రోల్లో ఆయిల్ కలిపారా? ఆర్‌ఎక్స్ 100కు ఆయిల్ పంపులో గాలి తీశారా? లేదంటే నడి రోడ్డులో పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అవుతుంది.

బుల్లెట్‌కు రవ్వ పడే టైమింగ్ ముందుకు జరిగి ఉంటే కిక్కు వెనక్కి తంతుంది, చీలమండ విరుగుతుంది. చెప్పులతో కిక్కు కొట్టొద్దు. డీకంప్రెసర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) పట్టుకుని, అమ్మీటర్ ముల్లు మధ్యకు తెచ్చుకుని, లివర్ వదిలేసి అప్పుడు కొట్టండి.

మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. తలుపు సగం తెరవడం చాలదు.

హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. ఇంజిన్ రైజ్ అయితే యాక్సిలరేటర్ కేబుల్ తప్పు దారిలో వేసినట్టే.

బ్రేకు ప్లేటును పట్టి ఉంచే రాడ్డు బోల్టు బిగించారా? మళ్లీ చూడండి. అది వదిలేస్తే మొదటిసారి బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి చక్రం బిగుసుకుపోతుంది.

ట్యాంకు కారుతోందా? దించండి, మళ్లీ సీలర్ పోయండి. "చిన్న అతుకే కదా" అని ఖాళీ చేసి వెల్డింగ్‌కు తీసుకెళ్లొద్దు. ఖాళీ ట్యాంకుకు మంట చూపించొద్దు.

మంటలార్పే పౌడరు సిలిండర్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. బకెట్ ఇసుక కూడా దగ్గరుంచండి. పెట్రోలు మంట మీద నీళ్లు కొట్టొద్దు, మంట పారుతుంది.

ఒళ్లు కాలితే పేస్టు, పసుపు, ఐసు ఏదీ వద్దు. కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు పోయండి, ఉంగరం వెంటనే తీసేయండి, 108కి ఫోన్ చేయండి.

పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. కొత్త బళ్లకు అలవాటైన కాలు కంగారులో గేరును తొక్కుతుంది. జాతీయ రహదారి ఎక్కొద్దు. ఖాళీ లేఅవుట్ రోడ్డు మీద హెల్మెట్ పెట్టుకుని, వెనక ఎవర్నీ ఎక్కించుకోకుండా, ఆగడం అలవాటయ్యేదాకా తిప్పండి.