నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ను వినవలసిన పద్ధతి

ఇంగ్లండు ఫోక్ గాయకుడు నిక్ డ్రేక్ స్వయంగా రాసి పాడిన మూడు ఆల్బమ్‌లలో చివరిదైన ‘పింక్ మూన్’ 1972 ఫిబ్రవరిలో విడుదలైంది. పదకొండు పాటలూ కలిపి సుమారు 28 నిమిషాలే కనుక, షఫుల్‌ను ఆపివేసి, వరుస చెడకుండా, ఒకే విడతలో వినాలి. రాత్రి భోజనాలు ముగిసి వీధిలో బండ్ల రొద సద్దుమణిగిన తరువాత, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం తగ్గించి వినడం మేలు. 1971 అక్టోబరులో లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో, ఇంజనీరు జాన్ వుడ్ ఒక్కడి తోడుతో, డ్రేక్ ఈ పాటలను రెండు రాత్రులలో పాడి ముగించాడు.

ముందుగా, దీనికి పూర్వపు ఆల్బమ్ ‘బ్రైటర్ లేటర్’ నుంచి ఏదైనా ఒక పాట వినండి. వయొలిన్లు, డ్రమ్స్ నిండిన ఆ సంగీతం చెవిలో ఉండగా ఇది మొదలుపెడితే, అతడు ఎంత వదులుకున్నాడో తెలుస్తుంది. ఇక్కడ ఉన్నవి గొంతు, గిటారు మాత్రమే. మొదటి పాట నడుమ పియానో కాసేపు పలుకుతుంది. ఆ తరువాత చివరి వరకు మరొక వాద్యం రాదు.

రెండవసారి విన్నప్పుడు మాటలను పక్కన పెట్టి గిటారునే అనుసరించండి. డ్రేక్ చాలా పాటలకు తీగల శ్రుతిని మార్చుకునేవాడు. శీర్షిక గీతానికి మంద్రం నుంచి వరుసగా సి, జి, సి, ఎఫ్, సి, ఇ అని శ్రుతి చేసి, రెండవ మెట్టుపై కాపో (తీగలన్నిటినీ ఒకేసారి అదిమిపట్టే పట్టీ) బిగించాలి. ఈ సంగతి తెలియక మామూలు శ్రుతిలోనే కార్డుల (కలిపి మీటే స్వరాల) కోసం వెతుకుతూ నేను ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. మాటలే లేని ‘హార్న్’ను చాలామంది దాటవేస్తారు, అది తొందరపాటు. ఒక్కొక్క స్వరాన్ని మీటి, అది దాదాపు ఆరిపోయేదాకా ఆగి, తరువాతి స్వరానికి వెళ్లే ఆ నిమిషంన్నర నిడివిలో అతని కుడిచేతి నిగ్రహమంతా వినిపిస్తుంది. ‘నో’ (Know, ‘తెలుసుకో’) అనే పాటలో ఒకే చిన్న గిటారు పలుకు తిరిగి తిరిగి వస్తుంది, దానిపై పాడిన సాహిత్యం నాలుగే పాదాలు.

మాటల వంతు మూడవసారి. డ్రేక్ 1974 నవంబరులో, 26 ఏళ్లకే మరణించాడన్న విషయం ముందే తెలిసినవారు ప్రతి పాదంలోనూ మరణసూచన వెతుకుతారు. ఆల్బమ్‌లో దిగులు లేదని నేను అనను. అయితే అది ముగిసేది ‘ఫ్రమ్ ది మార్నింగ్’ అనే ప్రభాత గీతంతో. ఇంగ్లండులోని టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ గ్రామంలో అతని సమాధిరాతిపై చెక్కినది కూడా ఆ పాటలోని పాదమే. కాబట్టి ఆటోప్లేను ముందే ఆపివేయండి. ఆ పాట చివరి తీగ మోగి ఆగిన వెంటనే యాప్ మరెవరి పాటనో అందుకోకూడదు.