పాల క్యాలెండర్‌లోనే నడక లెక్క

జనవరి 1న ‘ఇక రోజూ 5 కిలోమీటర్లు’ అని మొదలుపెట్టి, సంక్రాంతికి సకినాల డబ్బా తెరవగానే ఆపేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడవడానికని బూట్లు కూడా కొన్నాను. ఇప్పుడవి మా తమ్ముడు వేసుకుంటున్నాడు.

ఈసారి పద్ధతి మార్చాను. ఎలాగూ రోజూ చేసే పనికే కొత్త పనిని తగిలించాను. పొద్దున పాల ప్యాకెట్‌కు బండి తీయను, నడిచే పోతాను. అదీ మా గల్లీ చివరి కొట్టుకు కాదు, గడియారం సెంటర్ దాకా. రానూపోనూ 20 నిమిషాలు. ‘ఆరోగ్యం చూసుకోవాలి’ అనుకుంటే ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియదు. పాలకైతే తప్పించుకోలేం, ఇంట్లో అందరూ చాయ్ కోసం చూస్తుంటారు.

వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండర్ ఉంది కదా, నడిచిన రోజు దాంట్లోనే తేదీ చుట్టూ సున్నా చుడతాను. ఒక రోజు పోతే పోనీ, వరుసగా రెండు రోజులు మాత్రం పోనివ్వను. లండన్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా అంచనా వేశారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. అందుకే ‘21 రోజుల్లో అలవాటు’ అనేవాళ్ల మాట నేను పట్టించుకోను.

ఎండాకాలంలో మాత్రం 6 గంటలకే బయటపడండి, మన ఎండ సంగతి తెలిసిందే. ఒకేసారి నాలుగు తీర్మానాలు పెట్టుకోకండి. నా రెండోది, రాత్రి ఫోన్ పక్కన పెట్టడం, ఉగాది తర్వాత చూస్తా.